ఇంటి నిర్మాణానికి కాంక్రీటు ఎంత కావాలి: విడతలవారీగా లెక్క వేసే పద్ధతి

కాంక్రీటు లెక్క అంటే పొడవు, వెడల్పు, మందం ఈ మూడింటినీ హెచ్చవేయడమే కదా అనిపిస్తుంది. ఆ హెచ్చవేతలో పొరపాటు పడేవారు తక్కువ. లెక్క తప్పేది వేరే చోట్ల: అంగుళాలను అడుగుల్లోకి మార్చేటప్పుడు, కాలమ్, బీమ్, స్లాబ్ కలిసే చోటును రెండుసార్లు కలిపినప్పుడు, ప్లానులో గీసిన మందమే సైటులోనూ ఉంటుందని నమ్మినప్పుడు. ఈ మూడింటి మీద కన్నేసి ఉంచితే కాగితం, పెన్సిలు, చిన్న కాలిక్యులేటరు సాయంతో ఇంటి యజమాని తానే లెక్క వేసుకొని, మేస్త్రీ చెప్పిన అంకెతోనో కాంట్రాక్టరు ఇచ్చిన అంచనాతోనో సరిచూసుకోవచ్చు.

ఇల్లు మొత్తానికి కలిపి ఒకే అంకె తెలిస్తే ఖర్చు అంచనాకు పనికొస్తుంది గాని, పని జరిగే రోజున దానితో ఉపయోగం ఉండదు. ఆ రోజు తెలియవలసింది ఆ పూట ఏకబిగిన వేయవలసిన కాంక్రీటు ఎంత అన్నదే. అందుచేత లెక్కను ఇంటికి కాక విడతకు వేయాలి: పునాది అడుగు పరుపు ఒక విడత, ఫుటింగులు (కాలమ్ బరువును నేలకు పంచే వెడల్పాటి పాదాలు) ఒక విడత, కాలమ్‌లు ఒకటి, ప్లింత్ బీమ్ (నేలమట్టం దగ్గర కాలమ్‌లను కలిపే బీమ్) ఒకటి, స్లాబూ దాని బీమ్‌లూ కలిపి ఒకటి. స్లాబును, దానికింద ఉండే బీమ్‌లను ఒకేసారి వేస్తారు కాబట్టి వాటిని విడదీసి లెక్కించినా చివరికి కలిపి చూడాలి.

ముందుగా కొలతలు

మొదట ఒకే కొలమానాన్ని ఎంచుకొని చివరివరకూ దానికే కట్టుబడాలి. మీటర్లలో ఉన్న ప్లానుకు మీటర్లలోనే, అడుగుల్లో ఉన్న ప్లానుకు అడుగుల్లోనే లెక్క వేసి, మొత్తం వచ్చాకనే మార్చుకోవాలి. ఒక ఘనమీటరు అంటే 35.3 ఘనపుటడుగులు, ఒక ఘనగజం అంటే 27 ఘనపుటడుగులు. అడుగుల్లో వేసేవారు అంగుళాలను 12తో భాగించాలన్న సంగతి అందరికీ తెలిసిందే అయినా, చేయి తిరిగినవారు కూడా ఇక్కడే జారుతుంటారు. 5 అంగుళాల స్లాబును 0.5 అడుగుగా రాసి నేనే ఒకసారి ఐదో వంతు ఎక్కువ చూపించాను. 5 అంగుళాలంటే 0.417 అడుగు, 4 అంగుళాలు 0.333, 6 అంగుళాలు 0.5, 9 అంగుళాలు 0.75. ఈ నాలుగూ కాగితం పైభాగాన రాసిపెట్టుకుంటే చాలావరకు పని జరిగిపోతుంది.

పద్ధతి స్పష్టంగా కనిపించడానికి ఒక ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. బయటి కొలతలు 40 అడుగులు, 30 అడుగులు, ఒకే అంతస్తు, 40 అడుగుల వైపు నాలుగు వరుసలు, 30 అడుగుల వైపు మూడు వరుసలు చొప్పున మొత్తం 12 కాలమ్‌లు. కాలమ్ 9 అంగుళాలు, 12 అంగుళాలు. 12 అంగుళాల ముఖం 40 అడుగుల దిశలో ఉందనుకుందాం. ఈ అంకెలు లెక్క నేర్చుకోవడానికి మాత్రమే. ఏ ఇంటికి ఏ మందం, ఎంత లోతు అన్నది నేలను, బరువులను చూసి స్ట్రక్చరల్ ఇంజనీరు నిర్ణయించవలసిన విషయం.

పునాది

గుంత అడుగున వేసే సాదా కాంక్రీటు పరుపు ఫుటింగు కంటే నలువైపులా కొంత బయటికి వస్తుంది. ఫుటింగు 5 అడుగుల చదరమై, పరుపు ప్రతి వైపూ 6 అంగుళాలు ఎక్కువగా ఉంటే, పరుపు 6 అడుగుల చదరం అవుతుంది. 4 అంగుళాల మందానికి అది 36 × 0.333, అంటే 12 ఘనపుటడుగులు. 12 గుంతలకు 144.

ఫుటింగు దగ్గర కొంచెం ఆగాలి. కింది భాగం నిటారుగా పెట్టెలా ఉండి, పైభాగం నలువైపులా వాలుగా సన్నబడుతూ కాలమ్ దగ్గరికి చేరే ఆకారం చాలా ఇళ్ళలో కనిపిస్తుంది. మన ఉదాహరణలో నిటారు భాగం 9 అంగుళాలు. దానిమీద వాలు భాగం ఒక అడుగు ఎత్తు. పైన చదునుగా మిగిలే చోటు కాలమ్ చుట్టూ 3 అంగుళాల అంచుతో 15 అంగుళాలు, 18 అంగుళాలు. నిటారు భాగం సులువే: 25 × 0.75 = 18.75 ఘనపుటడుగులు. వాలు భాగానికి కింది వైశాల్యం, పై వైశాల్యం, ఆ రెండింటి లబ్ధానికి వర్గమూలం ఈ మూడింటినీ కూడి, ఎత్తుతో హెచ్చవేసి, మూడుతో భాగించాలి. కింది వైశాల్యం 25, పై వైశాల్యం 1.25 × 1.5 = 1.875, వాటి లబ్ధానికి వర్గమూలం 6.85, మొత్తం 33.7, మూడో వంతు 11.2. రెండు భాగాలూ కలిపితే ఒక్కో ఫుటింగుకు 30 ఘనపుటడుగులు, 12 ఫుటింగులకు 360.

వాలును పట్టించుకోకుండా ఫుటింగు మొత్తాన్ని ఒకే పెట్టెగా లెక్కిస్తే ఒక్కోదానికి 43.75 చొప్పున 525 వస్తుంది. తేడా 165 ఘనపుటడుగులు, అంటే దాదాపు 4.7 ఘనమీటర్లు. కింది, పై వైశాల్యాల సగటు తీసుకొని ఎత్తుతో హెచ్చవేసే అడ్డదారి ఒకటి ఉంది. అది ఒక్కో ఫుటింగుకు రెండు ఘనపుటడుగులకు పైగా ఎక్కువ చూపుతుంది గనుక చిన్న ఇంటికి పెద్ద నష్టమేమీ లేదు గాని, వర్గమూలం నొక్కడానికి పట్టే సమయం ఎంత కనుక.

కాలమ్, బీమ్, స్లాబ్: కలిసే చోట్లు

మూడు భాగాలు ఒకే చోట కలుస్తాయి కాబట్టి ఆ చోటు ఎవరి ఖాతాలో పడాలో ముందే తేల్చుకోవాలి. నేను పాటించే నియమం ఇది: స్లాబును బీమ్‌ల మీదుగా, కాలమ్‌ల మీదుగా పూర్తిగా లెక్కించాలి, కాలమ్‌ను ఫుటింగు పైనుంచి స్లాబు అడుగుదాకా లెక్కించాలి, బీమ్‌ను ఒక కాలమ్ ముఖం నుంచి తరువాతి కాలమ్ ముఖం వరకు, స్లాబుకు కిందికి దిగిన లోతు మేరకు మాత్రమే లెక్కించాలి. మరో నియమాన్ని పాటించినా ఫలితం ఒకటే, మధ్యలో మార్చనంతవరకు.

మన ఇంట్లో ఫుటింగు పైనుంచి స్లాబు అడుగుదాకా 14.5 అడుగులు అనుకుంటే, కాలమ్‌లకు 12 × 0.75 × 14.5 = 130.5 ఘనపుటడుగులు. గుండ్రటి కాలమ్ అయితే వ్యాసాన్ని వ్యాసంతో హెచ్చవేసి, దాన్ని 0.785తో హెచ్చవేస్తే అడ్డుకోత వైశాల్యం వస్తుంది.

బీమ్‌ల పొడవుకు వస్తే, 40 అడుగుల వరుసలు మూడు; ఒక్కోదానిలో నాలుగు కాలమ్‌లు అడుగు చొప్పున తీసేస్తే 36 అడుగులు మిగులుతాయి. 30 అడుగుల వరుసలు నాలుగు. ఒక్కోదానిలో మూడు కాలమ్‌లు ముప్పావు అడుగు చొప్పున పోగా 27.75 మిగులుతాయి. మొత్తం 108 + 111 = 219 అడుగులు. తీసివేతలు లేకుండా కూడితే 240 వచ్చేది. ప్లింత్ బీమ్ 9 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల లోతు అయితే 219 × 0.75, అంటే సుమారు 164 ఘనపుటడుగులు.

స్లాబు బీమ్ మొత్తం లోతు 15 అంగుళాలని ప్లానులో రాసి ఉంటుంది. ఆ 15లో స్లాబు మందం 5 అంగుళాలు కలిసే ఉంది. కాబట్టి బీమ్‌కు లెక్కించవలసిన లోతు 10 అంగుళాలే: 219 × 0.75 × 0.833 = 137 ఘనపుటడుగులు. మొత్తం లోతును తీసుకుంటే 205 వస్తుంది. ఆ అదనపు 68 ఘనపుటడుగులు స్లాబులో అప్పటికే చేరి ఉన్నాయి. ఇది అంచనాల్లో చాలా తరచుగా కనిపించే రెట్టింపు లెక్క; కావాలని చేసేదీ కాదు, ప్లానులో కనిపించిన అంకెను ఉన్నదున్నట్టు దించుకోవడం వల్ల వచ్చేది.

స్లాబు వైశాల్యం 1200 చదరపుటడుగులు. మెట్ల కోసం వదిలే 7 × 12 అడుగుల ఖాళీ తీసేస్తే 1116. 5 అంగుళాల మందానికి 465 ఘనపుటడుగులు. గోడ దాటి బయటికి వచ్చే స్లాబు భాగాలు ఉంటే వాటిని కలపాలి. బాత్‌రూమ్ దగ్గర స్లాబును కిందికి దించితే వైశాల్యం మారదు గాని, ఆ దిగుడు చుట్టూ ఉండే నిలువు అంచును మరచిపోకూడదు. పైపుల కోసం వదిలే చిన్న రంధ్రాలను, కాంక్రీటు లోపలి కడ్డీలను తీసివేయనక్కరలేదు. ఇంటి కాంక్రీటులో ఉక్కు ఆక్రమించే చోటు సాధారణంగా వందో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. దాన్ని వృథా కింద వదిలేస్తారు.

మెట్లు చూడగానే భయపెడతాయి గాని, వాటిని వాలు పలక, దానిమీది త్రికోణాలు, మధ్యలోని చదును అని మూడుగా విడదీస్తే తేలిపోతాయి. మెట్టు ఎత్తు 6 అంగుళాలు, అడుగుపెట్టే వెడల్పు 10 అంగుళాలు అయితే ఒక మెట్టుకు వాలు పొడవు 11.66 అంగుళాలు, అంటే 0.972 అడుగు. పది మెట్ల వరుసకు 9.72 అడుగులు. వరుస వెడల్పు 3.25 అడుగులు, పలక మందం 5 అంగుళాలు అయితే పలకకు 13.2 ఘనపుటడుగులు. ఒక్కో మెట్టు త్రికోణం 0.5 × 0.833లో సగం, వెడల్పు 3.25తో హెచ్చవేస్తే 0.68, పదికి 6.8. అంటే వరుసకు 20, రెండు వరుసలకు 40. 7 × 3.5 అడుగుల చదునుకు మరో 10. మొత్తం 50. పలక మందాన్ని వాలుకు లంబంగా కొలవాలి. నిలువుగా కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది.

లింటెళ్ళు (తలుపులు, కిటికీల మీద వేసే చిన్న బీమ్‌లు), సన్‌షేడ్లు చిన్నవే. లింటెల్ పొడవుకు తలుపు లేదా కిటికీ వెడల్పుతో పాటు రెండు వైపులా గోడమీద కూర్చునే భాగాన్ని కలపాలి. ఈ ఇంటికి రెండూ కలిపి 50 ఘనపుటడుగులు అనుకుందాం. గదుల్లో బండల కింద వేసే 4 అంగుళాల సాదా కాంక్రీటుకు, గోడలు పోగా 1000 చదరపుటడుగులు ఉంటే, 333 ఘనపుటడుగులు కావాలి. దీన్ని మిగతా లెక్కలో కలపకూడదు, ఎందుకంటే దాని పాళ్ళు వేరు, వేసే కాలమూ వేరు.

ఇప్పుడు ఇనుప కడ్డీలతో కూడిన కాంక్రీటు మొత్తం చూద్దాం: 360, 130.5, 164, 137, 465, 50, 50 కలిపితే దాదాపు 1357 ఘనపుటడుగులు, అంటే 38.4 ఘనమీటర్లు. సాదా కాంక్రీటు 144 + 333 = 477, అంటే 13.5 ఘనమీటర్లు.

చదరపుటడుగుకు ఇంత అనే అడ్డలెక్క

1357ను 1200తో భాగిస్తే చదరపుటడుగుకు 1.13 ఘనపుటడుగులు వచ్చింది. ఈ అంకెను పట్టుకొని ఇదే ఇంటిమీద రెండో అంతస్తుకు లెక్క వేస్తే ఏమవుతుందో చూడండి. పైన ఫుటింగులు లేవు, ప్లింత్ బీమ్ లేదు, కాలమ్‌ల ఎత్తు 14.5 అడుగులకు బదులు సుమారు 9.6 అడుగులే. విడిగా లెక్కిస్తే పై అంతస్తుకు వచ్చేది 788 ఘనపుటడుగులు, చదరపుటడుగుకు 0.66. అంటే అడ్డలెక్క 70 శాతం ఎక్కువ చూపుతుంది. అందుకే ఇలాంటి సూత్రాన్ని, ఎవరు చెప్పినా సరే, చేసిన లెక్కలో పెద్ద పొరపాటు ఉందేమో పట్టుకోవడానికే వాడుకోవాలి గాని, సామాను తెప్పించుకోవడానికి వాడకూడదు.

ఎంత అదనంగా పెట్టుకోవాలి

వృథా కింద 5 శాతమో 10 శాతమో కలపమని అందరూ చెబుతారు. అది ఎక్కడికి పోతుందో తెలిస్తే ఎక్కడ 5 చాలో, ఎక్కడ 10 అవసరమో మనమే నిర్ణయించుకోవచ్చు. మట్టికి తగిలేలా వేసే కాంక్రీటు గుంత అంచుల్లోని ఎగుడుదిగుళ్ళలోకి పోతుంది. అక్కడ 10 శాతం న్యాయమే. సరిగా బిగించిన పెట్టెల్లో వేసే కాలమ్‌లకు 3 నుంచి 5 శాతం చాలు. స్లాబు ఈ రెండింటి మధ్యలో ఉన్నట్టు కనిపించినా, అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కోరేది అదే. ఎందుకంటే 1116 చదరపుటడుగుల స్లాబుమీద మందం అర అంగుళం పెరిగితే 46.5 ఘనపుటడుగులు, అంటే 1.3 ఘనమీటర్ల కాంక్రీటు అదనంగా పోతుంది. అది స్లాబు లెక్కలో సరిగ్గా పదో వంతు. కడ్డీల బరువుకు, మనుషుల నడకకు సెంట్రింగ్ పలకలు (స్లాబు గట్టిపడేదాకా కింద నుంచి మోసేవి) మధ్యలో కాస్త కుంగడానికి అర అంగుళం పెద్ద విషయం కాదు.

కాబట్టి లెక్కలో శాతాన్ని పెంచడం కంటే సైటులో మందాన్ని కొలవడం మేలు. ముందు రోజు సాయంత్రం స్లాబు పైమట్టానికి గుర్తులు పెట్టి, వాటిమధ్య దారం లాగి పట్టి, పలకనుంచి దారందాకా గదికి ఐదు చోట్ల టేపుతో కొలవాలి: నాలుగు మూలలు, మధ్య భాగం. ఐదింటి సగటు 5.25 అంగుళాలు వస్తే లెక్కలో 5 తీసేసి 5.25 పెట్టాలి, మధ్యలో మాత్రమే ఎక్కువ వస్తే సపోర్టులను సరిచేయించాలి. ఇలా కొలిచిన స్లాబుకు 5 శాతం అదనం నిశ్చింతగా సరిపోతుంది.

సిమెంటు, ఇసుక, కంకర

సైటులోనే కలుపుకొనేవారికి తడి కాంక్రీటు ఘనపరిమాణం నుంచి పొడి సామాను ఘనపరిమాణానికి వెళ్ళాలి. కంకర మధ్య ఖాళీల్లో ఇసుక, ఇసుక మధ్య ఖాళీల్లో సిమెంటు కూర్చుంటాయి గనుక ఒక ఘనమీటరు కాంక్రీటుకు పొడిగా సుమారు 1.54 ఘనమీటర్ల సామాను కావాలి. 1:1.5:3 పాళ్ళలో, అంటే వరుసగా సిమెంటు, ఇసుక, కంకర పాళ్ళలో, మొత్తం పాళ్ళు 5.5. సిమెంటు వాటా 1.54ను 5.5తో భాగిస్తే 0.28 ఘనమీటరు, ఘనమీటరుకు 1440 కిలోల చొప్పున 403 కిలోలు. 50 కిలోల బస్తాలైతే ఎనిమిది. బస్తా బరువు చోటునుబట్టి మారుతుంది కాబట్టి ముందు కిలోల్లో తేల్చుకొని తరువాత భాగించుకోవడం క్షేమం. ఇసుక 0.42, కంకర 0.84 ఘనమీటరు. 1:2:4 అయితే సిమెంటు 317 కిలోలు, ఇసుక 0.44, కంకర 0.88. పునాది పరుపుకు వాడే 1:4:8 అయితే సిమెంటు 171 కిలోలు, ఇసుక 0.47, కంకర 0.95.

మన స్లాబూ బీమ్‌లూ కలిపి 602 ఘనపుటడుగులు, అంటే 17 ఘనమీటర్లు. 5 శాతం కలిపితే 17.9. 1:1.5:3 పాళ్ళకు 50 కిలోల బస్తాలు 144, ఇసుక 265 ఘనపుటడుగులు, కంకర 530 ఘనపుటడుగులు.

ఇసుక దగ్గర ఒక మెలిక ఉంది. చెమ్మగా ఉన్న ఇసుక ఉబ్బి, ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఉబ్బు నాలుగో వంతు ఉన్నా ఆశ్చర్యం లేదు. దీన్ని తెలుసుకోవడానికి గాజు పాత్ర ఒకటి చాలు. నిటారు గోడలున్న పాత్రలో చెమ్మ ఇసుకను నొక్కకుండా 20 సెంటీమీటర్ల ఎత్తుకు పోసి, దాన్ని బయటికి తీసి, పాత్రలో సగందాకా నీళ్ళు నింపి, అదే ఇసుకను మెల్లగా మళ్ళీ వేసి కలిపి, అడుగున కుదురుకోనివ్వాలి. ఇప్పుడు ఇసుక మట్టం 16 సెంటీమీటర్లకు దిగితే ఉబ్బు 16లో 4, అంటే 25 శాతం. అప్పుడు 265 ఘనపుటడుగుల ఇసుకకు బదులు 331 తెప్పించుకోవాలి. కలిపేటప్పుడు కొలతపెట్టెలో కూడా అంతే నిష్పత్తిలో ఎక్కువ పోయాలి. లేకపోతే ఇసుక తగ్గి, కాంక్రీటు అనుకున్నంత రాదు. బస్తాలు చాలలేదన్న మాట ఆ రోజు మధ్యాహ్నానికి వినబడుతుంది.

50 కిలోల సిమెంటు బస్తా ఘనపరిమాణం 1.23 ఘనపుటడుగులు. లోపలి కొలతలు అడుగు పొడవు, అడుగు వెడల్పు, పద్నాలుగు ముప్పావు అంగుళాల లోతు ఉన్న పెట్టె చేయిస్తే అది సరిగ్గా ఒక బస్తాకు సమానం. బస్తాకు ఒకటిన్నర పెట్టెల ఇసుక, మూడు పెట్టెల కంకర. తట్టలతో కొలిస్తే ఒక్కో మనిషి చేతికి ఒక్కో కొలత వస్తుంది. ఈ పాళ్ళలో ఒక బస్తాకు దాదాపు 4.4 ఘనపుటడుగుల కాంక్రీటు వస్తుంది కాబట్టి, పని సాగుతుండగా ఖాళీ సంచులు లెక్కపెట్టడమే అన్నిటికంటే నమ్మకమైన తనిఖీ. సగం స్లాబు పూర్తయ్యేసరికి 69 సంచులకు అటూ ఇటూ ఖాళీ కావాలి. 80 అయితే మందం పెరుగుతోందనీ, 58 అయితే మందం తగ్గుతోంది లేదా సిమెంటు తక్కువ పడుతోందనీ అర్థం. సగం పని ఇంకా మిగిలి ఉండగానే సరిదిద్దుకోవచ్చు.

రెడీమిక్స్ తెప్పించుకునేటప్పుడు

రెడీమిక్స్‌కు, అంటే ముందే కలిపి బండిలో తెచ్చే కాంక్రీటుకు, పొడి సామాను లెక్క అక్కరలేదు. తడి కాంక్రీటు ఘనమీటర్లే చెప్పాలి. అయితే పంపు ద్వారా ఎక్కించేటప్పుడు గొట్టంలో నిలిచిపోయేదాన్ని కలపాలి. 125 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న గొట్టం 50 మీటర్ల పొడవుంటే దానిలోనే 0.6 ఘనమీటరు పడుతుంది. దానిలో కొంత వెనక్కి రాబట్టగలిగినా, మన 17.9కి దాన్ని కలిపి 18.5గా అనుకోవడం మంచిది. వచ్చిన సరుకుమీద అనుమానం ఉంటే బండిని నిండుగా, ఖాళీగా తూకం వేయించి, తేడాను ఘనమీటరుకు 2400 కిలోల చొప్పున భాగిస్తే దాదాపు ఎంత వచ్చిందో తెలిసిపోతుంది. 6 ఘనమీటర్లకు 14.4 టన్నులు ఉండాలి.

చివరి బండి పరిమాణాన్ని ముందే ఖాయం చేయకపోవడం అనుభవజ్ఞుల పద్ధతి. మొదటి రెండు బండ్లు వేశాక మిగిలిన భాగాన్ని టేపుతో కొలిచి చెబుతామని ముందుగానే మాట్లాడుకోవాలి. అప్పటికి ఇంకా 15 × 12 అడుగుల చోటు మిగిలి ఉంటే స్లాబుకు 75 ఘనపుటడుగులు, ఆ చోటులో ఖాళీగా ఉన్న బీమ్‌ల పొడవుకు అడుగుకు 0.625 చొప్పున కలుపుకొని, వచ్చిన మొత్తాన్ని 35.3తో భాగించి, పై అర ఘనమీటరుకు సవరించి ఫోనులో చెప్పాలి. ఈలోగా ముందు వేసినది గట్టిపడకుండా బండి వచ్చే వ్యవధి చూసుకోవాలి. ఏ కారణంచేతనైనా మధ్యలో ఆపవలసివస్తే ఎక్కడ ఆపాలో ఇంజనీరును ముందు రోజే అడిగి ప్లానుమీద గీత గీయించుకోవాలి. మిగిలిపోయే కాంక్రీటు కోసం ఏదో ఒక చిన్న పని, పెరటి దారి పరుపో, మోటారు కింద దిమ్మో, పెట్టె కట్టి సిద్ధంగా ఉంచుకుంటే రెండు తట్టలు మిగిలినా వృథా పోదు.

పని ముగిసిన సాయంత్రమే ఆ విడతకు లెక్కలో వచ్చిన అంకె, నిజంగా పట్టిన అంకె పక్కపక్కన రాసిపెట్టుకోవాలి. మన స్లాబుకు లెక్క ప్రకారం 17.05 ఘనమీటర్లు కాగా 18.2 పట్టిందనుకోండి, అదనం దాదాపు 7 శాతం. అదే మేస్త్రీ, అవే సెంట్రింగ్ పలకలతో పై అంతస్తు స్లాబు వేస్తున్నప్పుడు, అదనం కింద 5కు బదులు ఆ 7 శాతాన్నే కలుపుకోవాలి.